ఒంగోలు కొండమీద అయిదుగురు

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ ఒకప్పుడు మూతపడే దాకా వచ్చింది. 1836లో శామ్యూల్ డే మొదలుపెట్టిన ఈ పనికి పదిహేడేళ్ల తర్వాత కూడా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన బాప్టిస్టుల సభలో దాన్ని ఎత్తేయాలా అన్న చర్చ నడిచింది. శామ్యూల్ స్మిత్ ఈ మిషన్‌ను ఒంటరి నక్షత్రమని కవిత రాశాక సభ మనసు మారింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌లో పనిచేస్తున్న లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. కానీ ఏళ్లు గడిచినా ఏమీ జరగలేదు. 1862లో మళ్లీ మూసివేత మాట వస్తే, తానొక్కడినైనా నెల్లూరుకు తిరిగి వెళ్తానని జ్యూయెట్ పట్టుబట్టాడు.

తర్వాత ఆయన వెంట జాన్ క్లౌ అనే మిషనరీ వచ్చాడు. 1866లో తాళ్లకొండపాడుకు చెందిన తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. మాదిగ పల్లెల్లో క్రైస్తవ సందేశం అతని నోటనే ఎక్కువగా పాకింది.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం బతిమాలినా, అన్నం కోసం అడుగుతున్నారేమోనన్న సందేహంతో నెలల తరబడి ఆగాడు. మనం మెచ్చుకోవాల్సింది ఆ నిగ్రహాన్నే.

సాయం ఆగాక కూడా వాళ్లు వెనక్కి పోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.