వెబ్‌క్యామ్ ఫిల్టర్లు (ఖగోళ ఛాయాగ్రహణం)

టెలిస్కోపుకు తగిలించిన వెబ్‌క్యామ్‌లోకి అక్కరలేని కాంతిని రానివ్వని గాజు బిళ్లలు. ఎక్కువగా 1.25 అంగుళాల చట్రంలో వస్తాయి. కెమెరా ముందుండే గొట్టానికి మరతో బిగుస్తాయి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఫిలిప్స్ టూక్యామ్ ప్రో వంటి కెమెరాలతో ఈ పద్ధతి ఔత్సాహికుల్లో బాగా పాకింది.

మన కంటిచూపు దాదాపు 700 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. సిలికాన్ సెన్సరు 1000 దాకా పసిగడుతుంది. చాలా వెబ్‌క్యాముల్లో పరారుణ కాంతిని ఆపే చిన్న గాజు పలక లెన్సుతోనే కలిసి ఉంటుంది. టెలిస్కోపు కోసం లెన్సు ఊడదీస్తే అదీ పోతుంది. అప్పుడు కటకాల టెలిస్కోపులో పరారుణం వేరే చోట ఫోకస్ అయి గురుగ్రహం పట్టీలు అలుక్కుపోతాయి, రంగులు ఎర్రబారతాయి. అందుకే మొదట కొనాల్సింది అతినీలలోహిత, పరారుణ కాంతులు రెంటినీ ఆపే ఫిల్టరే. రంగు ఫిల్టర్ల పెట్టె సంగతి తర్వాత చూసుకోవచ్చు. అద్దాల టెలిస్కోపులో ఈ ఫోకస్ తేడా రాదు గానీ, రంగులు సరిగా రావాలంటే అక్కడా ఇది ఉండాలి.

చంద్రుడికి, కుజుడికి ఒక్కోసారి దీనికి తలకిందులైన ఎంపిక మేలు: సుమారు 685 నానోమీటర్లు దాటిన కాంతినే వదిలే ఫిల్టరు. పొడవాటి తరంగాలను గాలి కుదుపులు తక్కువగా చెదరగొడతాయి. బొమ్మ మసకబారుతుంది కనుక చిన్న టెలిస్కోపుకు అంతగా నప్పదు.

సూర్యుడి విషయంలో ఫిల్టరు టెలిస్కోపు ముందు మూతిని పూర్తిగా కప్పి, కాంతిని దాదాపు లక్షో వంతుకు తగ్గించాలి. ఐపీసుకు బిగించే పాతరకం నల్లగాజు వేడికి పగిలితే కెమెరాయే కాదు, కన్నూ పోతుంది.