క్రైస్తవ కళాశాలలు, అంతర కళాశాల క్రీడలు: మైదానంలో హద్దులు నిర్ణయించేది విశ్వవిద్యాలయమే

భిలాయి ఉక్కు నగరంలో మరోదా ఒక నివాస ప్రాంతం. 1959 ఫిబ్రవరి 4న కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఉపాధి కోసం ఇక్కడికి తరలివచ్చి స్థిరపడిన వారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. మరోదాకు చేరువలోని రువాబాంధాలో 1984లో సెయింట్ థామస్ కళాశాల ఏర్పడింది. కైలాస్ నగర్‌లో క్రిస్టియన్ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. రెండూ క్రైస్తవ విద్యాసంస్థలే అయినా అంతర కళాశాల పోటీలలో ఇవి పరస్పరం తలపడవు. మొదటిది దుర్గ్‌లోని హేమ్‌చంద్ యాదవ్ విశ్వవిద్యాలయానికి, రెండవది ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండటమే ఇందుకు కారణం.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే పద్ధతి. 1885లో స్థాపితమైన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ పరిధిలోనూ, విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల కృష్ణా విశ్వవిద్యాలయ పరిధిలోనూ ఉన్నాయి. అమెరికాలో క్రైస్తవ కళాశాలల కోసం ప్రత్యేక క్రీడా సంఘం 1968లోనే ఏర్పడింది. భారతదేశంలో మాత్రం పోటీల వ్యవస్థకు ఆధారం విశ్వవిద్యాలయ అనుబంధమే కాని, మతం కాదు.

అయితే దేశంలో వ్యాయామ విద్య విస్తరణలో క్రైస్తవ సంస్థల పాత్ర గణనీయమైనది. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ శిక్షణ విద్యాలయాన్ని ప్రారంభించారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత అథ్లెటిక్స్ జట్టుకు ఆయన శిక్షకుడు.

నేటి వ్యవస్థలో క్రీడాకారుని తొలి మెట్టు అంతర కళాశాల పోటీ. అక్కడ ప్రతిభ చూపినవారు విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికై, భారత విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరిగే అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళతారు. ఆపై 2020లో ఆరంభమైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలకు అవకాశం లభిస్తుంది.

అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వయస్సు 17 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి. కనీసం ఒక విద్యా సంవత్సరం వ్యవధి గల కోర్సులో రెగ్యులర్ విద్యార్థిగా చదువుతూ ఉండాలి. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా పరీక్షలు రాసేవారు అర్హులు కారు. కుటుంబ అవసరాల వల్ల చదువును ప్రైవేటుకు మార్చుకునే కార్మికుల పిల్లలు డిగ్రీని కోల్పోకపోయినా, విశ్వవిద్యాలయ జట్టులో స్థానానికి దూరమవుతారు. కళాశాలలో చేరే సమయంలోనే ఈ నిబంధనలను తెలుసుకోవడం క్రీడాకారులకు అత్యవసరం.