మంత్రి బంటు, రెండు గళ్లు

2024 నవంబరు 27, సింగపూర్. ప్రపంచ చెస్ చాంపియన్‌షిప్ మూడో గేమ్. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ తెల్లపావులతో మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరిపాడు. చైనాకు చెందిన చాంపియన్ డింగ్ లిరెన్ గుర్రాన్ని దించాడు. చదరంగం ప్రయాణించిన దారంతా ఈ రెండు ఎత్తుల్లో కనిపిస్తుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు అరుగుల మీద మా తాతల తరం ఆడిన ఆటలో గుకేశ్ ఎత్తు చెల్లదు. బంటు మొదటిసారైనా ఒక్క గడే నడవాలి. రెండు గళ్ల అడుగు యూరప్‌లో ఆట వేగం కోసం వచ్చింది. ఐమూలగా ఒక్క గడి జరిగే మంత్రి కూడా 15వ శతాబ్దం చివర అక్కడే బోర్డంతా తిరిగే రాణి అయింది. ఆ బలాన్ని మనమూ తీసుకున్నాం గానీ పేరు మార్చలేదు. వాళ్ల క్వీన్స్ పాన్ మనకింకా మంత్రి బంటే.

డింగ్ ఎత్తును ఇండియన్ డిఫెన్స్ అంటారు. ఆ పేరు వెనక మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బెంగాలీ ఉన్నాడు. 1850లలో కలకత్తాలో బారిస్టర్ జాన్ కాక్రేన్‌తో ఆయన వందల గేములు ఆడాడు. బంటును ఒక్క గడి జరిపి, దాని వెనక బిషప్‌ను కూర్చోబెట్టి, దూరం నుంచి మధ్య గళ్ల మీద గురిపెట్టేవాడు. ఒక్క గడి నడక అలవాటే దీనికి కారణమని చరిత్రకారులు అంటారు. అప్పట్లో వింతగా కనిపించిన ఆ పద్ధతి 1920లకల్లా యూరప్‌లో కొత్త సిద్ధాంతమైంది.

సింగపూర్ ఆట తర్వాత వేరే దారి పట్టింది. పదో ఎత్తుకే మంత్రులిద్దరూ పోయారు. గుకేశ్ శిబిరంలోకి దూరిన డింగ్ బిషప్ ఇరుక్కుపోయింది. 37వ ఎత్తు దగ్గర డింగ్ గడియారంలో టైమ్ అయిపోయింది. డిసెంబరు 12న, 18 ఏళ్లకే, గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఆ గేమ్‌లో ప్రతి ఎత్తూ ఇవాళ మన ఫోన్లో దొరుకుతుంది. బెనర్జీ గేములు దొరుకుతున్నాయంటే, ఎవరో రాసిపెట్టారు కాబట్టి, అవి లండన్‌లో అచ్చయ్యాయి కాబట్టి. ఆళ్లగడ్డ అరుగుల మీద అంత బాగా ఆడినవాళ్లు ఉన్నారో లేదో చెప్పడానికి మన దగ్గర ఒక్క కాగితం లేదు. మీ ఊళ్లో పాత రూల్స్ తెలిసిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు ఒక్క ఆట ఆడండి. ఎత్తులు రాసుకోండి. పైన ఆయన పేరు కూడా.