పాత కూర్పుల విలువ



ఇంగ్లండు దేశపు ప్రాచీన న్యాయగ్రంథములను సేకరించువారిని చూచి పలువురు నవ్వుదురు. చెల్లని చట్టముల పుస్తకము లెందుకని వారి ప్రశ్న. నేనును మొదట నట్లే తలచితిని. తోలు అట్టలను, బంగారు అక్షరములను చూచి మురియువారి వ్యసనమే యిది యనుకొంటిని. ఒక్క వాక్యము యొక్క చరిత్ర నా తలపును మార్చినది.

ఇంగ్లీషు న్యాయమును నేర్చుకొనువారికి 1628లో వెలువడిన కోకు పండితుని వ్యాఖ్యానము చిరకాలము ప్రమాణము. కాని యది కొరుకుడుపడని గ్రంథము. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన విలియం బ్లాక్‌స్టను ఆ న్యాయమునే తేటమాటలలో వివరించి, 1765 మొదలు 1769 వరకు నాలుగు సంపుటములుగా ప్రకటించెను. అది పలుమారు లచ్చుపడినది.

1765 నాటి మొదటి సంపుటమున నాయన, ఇంగ్లండు నేలపై కాలుమోపిన బానిస తత్క్షణమే స్వతంత్రుడగునని వ్రాసెను. బానిసల విమోచనమునకై పాటుపడిన గ్రాన్‌విల్ షార్పు ఆ మాటనే యాధారముగా గైకొనెను. కాని తరువాతి కూర్పులలో బ్లాక్‌స్టనే ఆ వాక్యమును సవరించి, యజమానునికి సేవ పొందు హక్కు మాత్రము నిలిచియుండవచ్చునని చేర్చెను. మాట యట్లు వెనుకకు తగ్గినను, వ్యాజ్యము ముందుకే సాగెను. సోమర్సెట్టు అను బానిసను బలవంతముగా నోడ నెక్కించి దేశాంతరమునకు గొనిపోరాదని ప్రధాన న్యాయాధీశుడు మాన్స్‌ఫీల్డు ప్రభువు 1772లో తీర్పు చెప్పెను.

కడపటి కూర్పు మాత్రమే కలవానికి ఈ సంగతి యెట్లు తెలియును? రెండు కూర్పులను ప్రక్కప్రక్కన నుంచి చూచినవానికే, మనుష్యుని స్వాతంత్ర్యమును గూర్చిన మాట యెక్కడ సడలినదో కనబడును. కావుననే సేకరించువాడు అట్టను చూచి మోసపోరాదు. నాలుగు సంపుటముల ముఖపత్రములందును ముద్రణ సంవత్సరమును వేరువేరుగా చూడవలెను. వేర్వేరు కూర్పుల సంపుటములు ఒక్క జతగా కలిసిపోవుట తరచు. పూర్వపు వకీళ్లు అంచులందు వ్రాసికొన్న వ్రాతలను మలినమని తుడిచివేయరాదు. న్యాయము నాడెట్లు నడచెనో అవియే చెప్పును.

తగవులు తీర్చు పెద్దలైన మీ కిది క్రొత్త కాదు. రద్దయిన దస్తావేజు హక్కు నీయదు. అయినను భూమి యెవరి చేతినుండి యెవరి చేతికి వచ్చెనో చెప్పును. అందుచేతనే దానిని పెట్టెలో భద్రపరతుము. పాత న్యాయగ్రంథమును అట్టిదే. అది నేడు తీర్పు చెప్పజాలదు. సాక్ష్యము మాత్రము చెప్పగలదు.