తెల్లచీర దెయ్యము – నల్లచొక్కా కుర్రవాడు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగే కొందరు కుర్రవాళ్ల నల్లచొక్కాల మీద పుర్రెలు; చెవుల్లో రాక్ సంగీతం. "ఇదేం వేషం మాస్టారూ!" అని ఎల్.బి.నగర్ మిత్రులొకరు విసుక్కొన్నారు. నాకు విసుగు రాలేదు. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు భయానకానికి చెప్పిన వర్ణం నలుపే. తెలుపు హాస్యరసానిది! ఇక పుర్రెలంటారా, కపాలమాల ధరించిన శివుడికి రోజూ దణ్ణం పెడుతూనే ఉన్నాం కదా.

మరి మన సినిమా దెయ్యం తెల్లచీర ఎందుకు కట్టింది? చీకట్లో కనబడాలి కాబట్టి కావచ్చు. విఠలాచార్యగారి 'జగన్మోహిని' (1978)లో దెయ్యం తన కాళ్లనే కట్టెలుగా పొయ్యిలో పెడితే మేము భయపడుతూనే నవ్వాము. (భరతుడు ఓడిపోలేదు!) రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992)లో రేవతి మామూలు కాలేజీ పిల్ల. అక్కడ భయాన్ని మోసినది చీర కాదు, మణిశర్మ నేపథ్య సంగీతం.

అయితే భయం వేరు, భయానకరసం వేరు. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలం ఇక్కడే, కోణార్క్, వెంకటాద్రి సినిమాహాళ్ల దగ్గర, నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. మిరపకాయ బజ్జీల అంగడి దగ్గర, బస్‌స్టాపులో నిలబడ్డవాళ్లు చనిపోయారు. ఆ దారిన నడిచే పిల్లవాడి చొక్కా మీది పుర్రెను చూసి నేనెందుకు బెదరాలి?