పేరుగల బడి

వేసవి సెలవులు ముగియవచ్చునప్పటికి పట్టణములలోను, ఇప్పుడు పల్లెలలోను గూడ, ఇంటింట ఒకటే ప్రశ్న వినబడుచుండును: పిల్లవానిని ఏ బడిలో వేయవలెను? బడిపంతులుగా నుండుటచేత ఈ ప్రశ్న మా యొద్దకును వచ్చును. అడుగువారి మనస్సులో ఉత్తరము సిద్ధముగానే యుండును. ఫలాని పాఠశాలలో చదివిన పిల్లలు పరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకొనుచున్నారు. కావున మనవాడు అచ్చట చేరినచో వానికిని అట్టి మార్కులే వచ్చును. వినుటకు ఈ తర్కము నిర్దోషముగానే యున్నది. పొగ యున్నచోట నిప్పు కలదని చెప్పవచ్చును. మార్కులున్నచోట మంచి బోధన కలదని అట్లే చెప్పవచ్చునా? పంట బాగుగ పండినప్పుడు అది పొలము గొప్పయా, విత్తనము గొప్పయా యని మన రైతులు వాదించుకొందురు. బడుల విషయమున ఇట్టి ప్రశ్న అడుగుటకు విద్వాంసులకు చాల కాలము పట్టినది. ఆ చరిత్రలో కొంత మన సీమలలోనే నడచినది.

1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలలో బడులెన్ని, చదువరులెందరు అని కలెక్టరులను అడిగెను. బళ్లారి కలెక్టరు క్యాంబెలు 1823లో పంపిన ప్రత్యుత్తరము ఆంధ్రులు ముఖ్యముగ చదువదగినది. ఆయన 1816లోనే తెలుగు వ్యాకరణము రచించి ప్రకటించినవాడు. మన బడులను కంటితో చూచి, చెవితో విని వ్రాసెను. నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపుర సీమయు చేరియుండెను. జనసంఖ్య 9,27,857, బడులు 533, చదువరులు 6,641. అనగా వేయిమందిలో సుమారు ఏడుగురు మాత్రమే. ఒక్కొక్క బడికి పండ్రెండు, పదుమువ్వురు పిల్లలు. ఆ 6,641 మందిలో బాలికలు అరువదిమంది.

ఆ బడులలో పరీక్ష యని మనము పిలుచునది లేదు. అయినను ఉదయమున ఒక చిన్న పరీక్ష జరుగుచుండెడిదట. అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత ‘సరస్వతి’ యని వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవానికి మెల్లగ ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చు. బడి ప్రక్కయింటి బాలునకును, ఊరి కావలి బాలునకును కొలత యొక్కటే. ఈ ముచ్చట చదివినప్పుడెల్ల మాకు నేటి మార్కుల పట్టిక జ్ఞప్తికి వచ్చును. బిడ్డ ఎచ్చటనుండి బయలుదేరెనో అడుగకుండ, ఎప్పుడు చేరెనో మాత్రమే చూచు కొలత యిది.

పెద్ద పిల్లలచేత చిన్నవారికి పాఠము చెప్పించు మన వీధిబడుల పద్ధతిని క్యాంబెలు మెచ్చుకొనెను. దానిని ఇంగ్లండువారు అనుకరించుట తగియున్నదనెను. అయితే పిల్లలు చదువు పద్యగ్రంథముల భాష వారు మాటలాడు భాష గాదనియు, అర్థము తెలియకయే వల్లించుచున్నారనియు విచారించెను. ఈ భాషలోనే వ్రాయుచున్న మేము ఆ విచారమును ఉదాహరించుట కొందరికి వింతగ దోచవచ్చును. నిందను మేమును పంచుకొందుము.

బడికి మార్కులతో వెలకట్టు పద్ధతి తరువాతి తరములోనిది. ఇంగ్లండులో 1862లో రాబర్టు లో అను మంత్రి నియమావళిని మార్చి, ప్రభుత్వ విరాళమును పరీక్షాఫలముతో ముడివేసెను. పరీక్షాధికారి వచ్చి ఒక్కొక్క బిడ్డను చదువుటలోను, వ్రాయుటలోను, లెక్కలలోను పరీక్షించును. తప్పిన ప్రతి విషయమునకు ఇంత యని బడికి రావలసిన సొమ్ము తగ్గిపోవును. మద్రాసు రాజధానిలో గూడ ఈ ‘ఫలితములనుబట్టి ద్రవ్యము’ అను పద్ధతి చిన్న బడులలో వ్యాపించి, ఆ శతాబ్ది చివరవరకు నిలిచినది.

దీనివలన జరిగినది ఊహింపరానిది కాదు. సొమ్ము పరీక్షనాటి ఉత్తరములనుబట్టి వచ్చుచున్నప్పుడు పంతులు వాచకమును పిల్లలకు కంఠస్థము చేయించును. తెలివిగలవాడు ఎట్లును నెగ్గును. మందుడు ఎట్లును నెగ్గడు. నడిమివానిపై శ్రమ యంతయు. మాథ్యూ ఆర్నల్డు గొప్ప కవియే గాక చిరకాలము పాఠశాలల పరీక్షాధికారిగా పనిచేసినవాడు. ఈ పద్ధతివలన బోధన యంత్రప్రాయ మగుచున్నదని ఆయన తన నివేదికలలో మరల మరల మొరపెట్టెను. ఇంగ్లండులో 1890 తరువాత ఇది సడలి 1897 నాటికి తొలగినది. మన దేశమునను 20వ శతాబ్ది తొలి యేండ్లలో విడువబడినది. సొమ్ము తొలగినది గాని, బడిని మార్కులతో కొలుచు నలవాటు తొలగలేదు. ఇంగ్లండులో రాణిగారి కాలమున ప్రభుత్వము చేసిన పనిని మన వీధులలో ఇప్పుడు తలిదండ్రులు చేయుచున్నారు.

ఒక్కమాట చెప్పి ముందునకు పోవుదుము. 2005లో ఆంధ్రప్రదేశ్‌లోని పల్లె పాఠశాలలలో ఇట్టి బహుమానమునే మరియొక విధముగ ఇచ్చి చూచిరి. పిల్లలు ఎంత మార్కులో యుండిరి అనుట గాక, ఏడాదిలో ఎంత పెరిగిరి అనుదానినిబట్టి పంతుళ్లకు సొమ్ము నిచ్చిరి. భాషయందును, లెక్కలయందును పిల్లలు మెరుగుపడిరి. సొమ్ము సొమ్మే, కొలత మారినది.

ఇక, పేరుగల బడివలన కలుగు మేలు ఎంత? 1966లో అమెరికాలో జేమ్స్ కోల్మన్ అను సమాజశాస్త్రజ్ఞుడు ప్రకటించిన నివేదిక ఈ విషయమున పిడుగువలె పడినది. ఆరు లక్షలకు మించిన పిల్లలను, సుమారు నాలుగువేల బడులను లెక్కించి చూడగా, పిల్లల మార్కులలోని భేదమునకు బడి భవనములు, పుస్తకములు, ఖర్చు అంతగా కారణములు గావనియు, ఇల్లే ముఖ్యకారణమనియు తేలెను. బడివలన ప్రయోజనమే లేదని కొందరు దీనికి అపార్థము చెప్పిరి. ఇంట చదువు బలము తక్కువగానున్న బిడ్డలకు బడియు, ఉపాధ్యాయుడును ఎక్కువ ముఖ్యమని అదే నివేదికలో నున్నది. ఆ పుటను తక్కువమంది చదివిరి కాబోలు.

అయినను ఈ లెక్కలలో ఒక చిక్కు మిగిలియున్నది. తలిదండ్రుల చదువును, రాబడిని లెక్కకు తీసికొనవచ్చును. పిల్లవానిని ఎట్లైన మంచి బడిలో వేయవలెనని అప్పు చేయు తండ్రి పట్టుదలను ఏ పట్టికలో వ్రాయుదుము? అట్టి యింటి పిల్లడు ఏ బడిలో నున్నను కొంత ముందుకు పోవునేమో. ఈ చిక్కు విడదీయుటకు ఒక్కటే మార్గము: ఒకే విధముగ కోరుకొన్న తలిదండ్రులలో కొందరి బిడ్డలకు మాత్రమే ఆ బడి దొరకవలెను, ఎవరికి దొరకునది చీట్లు వేసి తేల్చవలెను.

ఈ పని మన నేలపైననే జరిగినది. విభజనకు పూర్వపు ఆంధ్రప్రదేశ్‌లో, ఐదు జిల్లాలలోని 180 గ్రామములలో, 2008లో అజీమ్ ప్రేంజీ ఫౌండేషనువారి పూనికతో దీనిని ఆరంభించిరి. సర్కారు బడికి పోవు, లేక పోబోవు చిన్నపిల్లల తలిదండ్రులను, ఖర్చు మేము పెట్టుకొందుము, మీ బిడ్డను ఊరి ప్రైవేటు బడిలో చేర్తురా యని అడిగిరి. ఒప్పుకొని దరఖాస్తు పెట్టినవారిలో చీట్లు తీసిరి. చీటి వచ్చిన బిడ్డకు ఐదవ తరగతి ముగియువరకు రుసుము, పుస్తకములు, దుస్తులు ఉచితము. వచ్చిన బిడ్డలలో తమకు నచ్చినవారిని ఏరుకొను హక్కు ఆ బడులకు లేదు. చీటి రానివారు చాలవరకు సర్కారు బడిలోనే మిగిలిరి. రెండేండ్లకు నొకసారి, నాలుగేండ్లకు మరియొకసారి ఇరువురిని పరీక్షించిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అను అర్థశాస్త్రజ్ఞులు 2015లో ఫలితములను ప్రకటించిరి.

చీట్లు తీయకముందు చూచిన లెక్కలో ప్రైవేటు బడుల పిల్లలు చాల ముందుండిరి. ఊరివారి నమ్మకమునకు ఆధారము అదియే. చీట్ల లెక్కలో, నాలుగేండ్ల పిమ్మట, తెలుగునందును లెక్కలయందును ఇరుపక్షములకు భేదము కానరాలేదు. చీటి తగిలినవాడును, తగలనివాడును సమానముగనే యుండిరి. ముందు కనబడిన ఆ పెద్ద అంతరమును బడి కల్పింపలేదు. ఇంటినుండి బిడ్డతో కూడ నడిచి వచ్చినది.

సర్కారు బడుల పక్షమువారు ఇచ్చట చప్పట్లు కొట్ట నక్కరలేదు. అదే పరిశోధనలో మరి రెండు సంగతులు గలవు. ప్రైవేటు బడులలో తెలుగునకును, లెక్కలకును ఇచ్చు కాలము తక్కువ. ఆ మిగిలిన కాలమును ఇంగ్లీషు, హిందీ మున్నగువానికి వెచ్చించుచుండిరి. తక్కువ కాలములో అంతే నేర్పిరి. హిందీలో వారి పిల్లలు స్పష్టముగ ముందుండిరి. రెండవది, ఒక్కొక్క బిడ్డపై వారు పెట్టు ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడవవంతుకంటె తక్కువ. అచ్చటి పంతుళ్ల జీతములు అతిస్వల్పములు, శిక్షణయు తక్కువ. కాని వారు బడికి మానక వచ్చుచుండిరి. మా వృత్తివారు ఈ వాక్యమును రెండుమారులు చదువుకొనుట మంచిది. మంచి జీతము, మంచి శిక్షణ గల పంతులు దినమంతయు తరగతిలో నున్నచో ఫలమెట్లుండునో ఆ లెక్కలో చూచుటకు వీలుపడలేదు.

మరియొక సూచన గలదు. నిశ్చయముగ చెప్పునంత బలము దానికి లేదు. ప్రైవేటు బడులలోనే తెలుగు మాధ్యమము గలవానికి పోయిన పిల్లలు ఇంగ్లీషు మాధ్యమమునకు పోయినవారికంటె మెరుగుగ నున్నట్లు తోచినది. నాలుగేండ్ల బిడ్డకు అర్థముకాని భాషలో కూడిక నేర్పినచో, వాడు నేర్చుకొనవలసినవి రెండగును. క్యాంబెలు బళ్లారిలో పడిన విచారమే ఇది. అప్పుడు పద్యముల భాష, ఇప్పుడు ఇంగ్లీషు.

ఇవి పల్లెలోని చిన్న ప్రైవేటు బడులు గదా, నిజముగ ప్రఖ్యాతిగల విద్యాలయముల మాట యేమని పాఠకు లడుగవచ్చును. బోస్టను నగరములో 1635లో స్థాపింపబడిన లాటిన్ పాఠశాల అమెరికాలోకెల్ల ప్రాచీనమైన ప్రభుత్వ పాఠశాల. ప్రవేశపరీక్ష నెగ్గినవారినే చేర్చుకొనును. అది ప్రాథమిక పాఠశాల గాదు గాని మన ప్రశ్నకు పనికివచ్చును. గీతకు ఒక్క మార్కు పైన నిలిచి చేరినవానిని, ఒక్క మార్కు తగ్గి వెలుపల నిలిచినవానిని పోల్చినచో, ఇరువురి శక్తి సుమారుగ నొక్కటే. బోస్టను, న్యూయార్కు నగరములలోని ఇట్టి పాఠశాలలపై 2014లో వెలువడిన పరిశోధనలో, లోపల చేరుటవలన పిమ్మటి పరీక్షలలో కలిగిన లాభము అత్యల్పమని తేలినది.

అయితే ఏ మార్పువలనను ఫలము లేదా? అట్లు గాదు. టెన్నెస్సీ రాష్ట్రములో 1985లో 79 బడులలో చీట్లు వేసి, కొందరు పిల్లలను 13 మొదలు 17 మంది గల తరగతులలోను, కొందరిని 22 మొదలు 25 మంది గల తరగతులలోను కూర్చుండబెట్టిరి. చిన్న తరగతులవారు చదువునందును, లెక్కలయందును ముందడుగు వేసిరి. ఆ బడులలో వేటికిని గొప్ప పేరు లేదు. బళ్లారి బడిలోని పండ్రెండుగురు పిల్లలు మాకు జ్ఞప్తికి వచ్చిరి.

కొలది దినముల క్రిందట ఒక గృహస్థు కొడుకును వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. పట్టణమున క్రొత్తగ వెలసిన బడి ఒకటి, రుసుము ఆయన రెండు నెలల రాబడి. ఈ చరిత్రనంతయు ఆయనకు చెప్పుట సాధ్యము గాదు. రెండు బడులకును పోయి గంటసేపు కూర్చుండి, వెనుక బల్లమీది బిడ్డ పలక యెట్లున్నదో చూచి రమ్మంటిమి. ఇంట పిల్లవానికి చదువు చెప్పువా రెవరని అడిగితిమి. అక్క చెప్పుననెను. ఆమె సర్కారు బడిలో ఏడవ తరగతి. ఆమెను గూడ ఆ క్రొత్త బడికి పంపుదురా యంటే, ఆయన నవ్వి, ఆడపిల్లకు అంత యెందుకండీ, ఇది చాలును గదా యనెను. చాలుననుటకు ఋజువు ఆయన ప్రక్కనే నిలుచుండి పదుమూడవ ఎక్కము గడగడ అప్పగించుచుండెను, నేర్పినది అక్కయేనట.

వారము తరువాత కొడుకును క్రొత్త బడిలోనే చేర్చితినని చెప్పుటకు మరల వచ్చెను. వెనుక బల్ల చూచితిరా యని అడుగగా, లోపలికి పోనిచ్చుట లేదండీ, కాని బస్సు ఇంటిముందుకే వచ్చును అనెను. అక్కకు సాయంకాలము కొంత తీరిక దొరకునా యంటిమి. ఆ సంగతి ఇంకను ఆలోచింపలేదనెను.