అరెస్టయినవాడి రెండు గంటలు

1879 మార్చిలో రంప కొండల్లో లేచిన తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ముందు చెప్పుకోవాల్సింది కల్లు. చెట్టు గీసుకుని ఇంటికి సరిపడా కల్లు తెచ్చుకోవడం మన్యంలో తరతరాల అలవాటు. మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ నిబంధనలు బిగించి ఆ అలవాటును నేరం చేసింది. పన్ను వసూలు గుత్తేదార్ల చేతికి వెళ్లింది. దానికి తోడు ఆ ప్రాంతాన్ని ఏలే మన్సబుదారు ‘చిగురు పన్ను’ పిండుకున్నాడు. జనం ఓర్చుకోలేక పోలీసు ఠాణాల మీద పడ్డారు. సైన్యం దిగి తిరుగుబాటును అణిచేశాక, పట్టుబడినవాళ్లలో పలువురిని సముద్రం దాటించి అండమాన్‌కు పంపేశారు. నలభై ఏళ్ల తరవాత అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర కూడా అదే దారిన వెళ్లాడు. ఆయన బతికి తిరిగొచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

వాళ్లను దింపిన చోట చట్టం ఎలా నడిచేదో గుర్తు చేసుకోవాలి. 1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన రోజు నుంచీ అక్కడ జైలును నడిపేవాడే పాలకుడు. శిక్ష వేసేవాడూ అతనే. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ అనే ఖైదీ పొడిచి చంపినప్పుడు, విచారణ జరిపి ఉరిశిక్ష విధించింది ఆ ఖైదీల దీవులను ఏలుతున్న జనరల్ స్టీవర్టే. కలకత్తా హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. మార్చి 11న వైపర్ దీవిలో ఉరి తీశారు. హత్య కళ్లెదుట జరిగింది, అందులో సందేహం లేదు. అయినా పట్టుకున్నవాడూ తీర్పు చెప్పినవాడూ ఒకే కచేరీకి చెందినవాళ్లయితే, తప్పు చేయనివాడు అదే బోనెక్కిన రోజున అతని మాట ఎవరు వింటారు?

ఈ ప్రశ్న ఇవాళ్టి తెలుగువాళ్లకు దూరపు సంగతేమీ కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతానికి పైనే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకూ, కూలికీ, వ్యాపారానికీ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు జంగ్లీఘాట్‌లో, పరిసరాల్లో ఎన్నో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది. ఒకప్పుడు కల్లు గొడవలో పట్టుబడ్డ మన్యంవాళ్లను మోసుకొచ్చిన ఆ రేవు ఊరిలో, ఇప్పుడు రాత్రిపూట పోలీసులు స్కూటర్ ఆపి, తాగారేమో తేల్చడానికి ‘ఊదు’ అంటే ఊదాల్సినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, విశాఖ నుంచి ఓడెక్కి చూడ్డానికి వెళ్లిన యాత్రికులూ ఉన్నారు.

తాగి బండి నడిపిన నేరానికి మొదటి శిక్ష లండన్‌లో పడింది. 1897 సెప్టెంబరు 10న జార్జ్ స్మిత్ అనే ఎలక్ట్రిక్ టాక్సీ డ్రైవరు న్యూ బాండ్ వీధిలో బండిని ఇంటి గోడకు గుద్దాడు. తాగానని ఒప్పుకున్నాడు, 25 షిల్లింగుల జరిమానా కట్టాడు. ఒప్పుకోకపోతే ఎలా తేల్చాలన్నది చాలాకాలం చిక్కుగానే ఉండిపోయింది. మన 1939 మోటారు వాహనాల చట్టం బండిని అదుపులో పెట్టుకోలేనంతగా తాగి నడిపితే నేరమంది. ‘అంతగా’ అంటే ఎంత? నోటి వాసన, తూలే నడక, తడబడే మాట, ఇవే సాక్ష్యాలు. జబ్బుతో ఉన్నవాడూ తూలతాడు, భయపడ్డవాడికీ మాట తడబడుతుంది. 1971 నాటి తీర్పుల సంపుటిలో కనిపించే కరియానీ కేసులో సుప్రీంకోర్టు ఇదే ఎత్తి చూపింది. డాక్టరు వాసన చూసి, నడక చూసి తాగాడని రాసినంత మాత్రాన చాలదని, రక్తమో మూత్రమో పరీక్షించడమే నమ్మదగిన మార్గమని చెప్పింది.

కొలత అప్పటికే చేతికొచ్చి ఉంది. అమెరికాలోని ఇండియానాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 1954లో బ్రెతలైజర్ తయారుచేశాడు. ఊపిరిలో ఉన్న ఆల్కహాల్‌ను బట్టి రక్తంలో ఎంతుందో చెప్పే పెట్టె అది. నార్వే అంతకుముందే, 1936లోనే, వంద మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములని గీత గీసింది. బ్రిటన్ 1967లో 80 అంది. మన దేశం 1988 మోటారు వాహనాల చట్టానికి 1994లో చేసిన సవరణతో 30 దగ్గర ఆగింది. ఆ గీత వల్ల ఇద్దరికి మేలు జరిగింది. రోడ్డు మీద నడిచేవాడికి రక్షణ వచ్చింది. పట్టుబడ్డవాడిని పోలీసు ముక్కుకు కాక అంకెకు అప్పగించారు. 1999 జనవరిలో ఢిల్లీ లోధీ కాలనీలో బీఎండబ్ల్యూ కారు మనుషుల మీద నుంచి వెళ్లిపోయిన కేసులో 2012లో సుప్రీంకోర్టు డ్రైవరు తాగి ఉన్నాడని నిర్ధారించడానికి ఆధారం చేసుకున్నదీ రక్తంలో దొరికిన 0.115 శాతం అనే అంకెనే.

ఇక అరెస్టు. 1988 చట్టంలోని 202వ సెక్షన్ వారెంటు లేకుండానే పట్టుకునే అధికారం పోలీసుకు ఇచ్చింది. అదే సెక్షన్‌లో, అదే ఊపులో, ఒక షరతు కూడా పెట్టింది. అరెస్టు చేసిన రెండు గంటల్లోగా గుర్తింపు పొందిన డాక్టరు చేత పరీక్ష చేయించాలి, చేయించకపోతే వదిలేయాలి. ఈ గడువు వెనక శరీరధర్మం ఉంది. గంటలు గడిచేకొద్దీ రక్తంలో ఆల్కహాల్ తగ్గిపోతుంది. ఆలస్యమైతే తాగినవాడు తప్పించుకోవచ్చు, తాగనివాడు తాగలేదని రుజువు చేసుకునే దారీ మూసుకుపోవచ్చు. శ్రీ విజయపురంలో జి.బి. పంత్ ఆసుపత్రి దగ్గరే ఉంది. స్వరాజ్ ద్వీప్ (పాత హేవ్‌లాక్) లాంటి చోట్ల దీవి నుంచి దీవికి ఓడే దిక్కు. అక్కడి ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉన్నాడా లేదా అన్నదాని మీద ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడొచ్చు. పట్టుబడినవాడు మొట్టమొదట గమనించాల్సింది గడియారాన్ని. ఎప్పుడు ఆపారు, ఎప్పుడు అరెస్టన్నారు, డాక్టరు ఎప్పుడు చూశాడు, ఈ మూడు వేళలూ గుర్తుంచుకోవాలి.

ఊదనని మొండికేయడం తెలివనుకుంటారు కొందరు. అది తెలివి కాదు. సరైన కారణం లేకుండా పరీక్షకు నిరాకరిస్తే ఆ నిరాకరణే కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుందని 205వ సెక్షన్ చెప్తోంది. తిట్టుకోవడం, తోసుకోవడం, చేతిలో నోటు పెట్టబోవడం మరో కేసును కొని తెచ్చుకోవడమే. ఊదాలి, రీడింగ్ తన కళ్లతో చూడాలి, అనుమానముంటే రక్తపరీక్ష కావాలని డాక్టరు ముందే అడగాలి.

పట్టుకున్నారన్న సంగతి ఇంటివాళ్లకు తెలియజేయడం పోలీసుల దయ కాదు. 1986 ఆగస్టు 26న పశ్చిమ బెంగాల్‌లో న్యాయసహాయ సంస్థను నడిపే డి.కె. బసు, లాకప్పుల్లో జరుగుతున్న చావుల మీద పత్రికల్లో వచ్చిన వార్తలు జతచేసి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. దాన్నే పిటిషన్‌గా తీసుకున్న కోర్టు 1996 డిసెంబరులో తీర్పిచ్చింది. అరెస్టుకు తేదీ, సమయం రాసి సాక్షి సంతకంతో కాగితం తయారుచేయాలి, బంధువుకో స్నేహితుడికో కబురు పంపాలి, లాయరును కలవనివ్వాలి. ఇప్పటి క్రిమినల్ ప్రక్రియా చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ రక్షణలు ఉన్నాయి. 1953 చట్టంతో అండమాన్ మీద అధికారం పొందిన కలకత్తా హైకోర్టే ఇవాళ ఆ దీవులకూ పెద్ద కోర్టు. ఒకప్పుడు జైలరు వేసిన ఉరిని ఖాయం చేసిన కోర్టు ఇప్పుడు అదే దీవుల్లో అరెస్టు సరైనదేనా అని అడగగలదు. ఇది చిన్న మార్పు కాదు.

తాగి నడపడం బెయిలిచ్చి తీరాల్సిన నేరం. మొదటిసారైతే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే రెండేళ్లు, పదిహేను వేలు. 2019 సవరణకు ముందు మొదటిసారి జరిమానా రెండు వేలే. పూచీకత్తు చూపిస్తే స్టేషన్‌లోనే బెయిలు అడగొచ్చు. వారం రోజుల్లో జామీనుదారును తెచ్చుకోలేనివాణ్ని పేదవాడిగా భావించి సొంత బాండు మీద వదలాలని చట్టం చెప్తోంది. ఊరికి కొత్తగా వచ్చిన వలస కూలీకి ఇది ప్రాణవాయువు లాంటి మాట. అయితే ఈ నేరం రోడ్డు మీద డబ్బు కట్టి రాజీ చేసుకునేది కాదు. మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాల్సిందే. పిలిచిన రోజు వెళ్లకపోతే వారెంటు వస్తుంది. లైసెన్సును పోలీసులు తీసుకుని రవాణా అధికారులకు పంపొచ్చు కాబట్టి, తీసుకున్నట్టు రసీదు అడిగి దాచుకోవాలి.

బండి సంగతి హైదరాబాద్‌లో తేలింది. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు, డ్రైవరు తాగినంత మాత్రాన బండిని పట్టి ఉంచకూడదని, తాగని మనిషి లైసెన్సుతో పక్కనుంటే అతనికే తాళాలివ్వాలని, లేకపోతే ఇంటివాళ్లకు కబురు చేయాలని చెప్పింది. అండమాన్ కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడి ఉండాల్సిన పనిలేదు. అయినా అక్కడి లాయరు దాన్ని చూపించి వాదించవచ్చు.

ఈ హక్కులన్నీ చెప్పుకునేటప్పుడు బండికి ఎదురొచ్చే మనిషిని మరిచిపోకూడదు. అండమాన్‌లో ఆ మనిషి జరావా ఆదివాసీ తెగ బిడ్డ కావచ్చు. శ్రీ విజయపురం నుంచి ఉత్తరానికి వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ దాటాక జరావాల అడవిలోంచి పోతుంది. ఆ భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించినా బండ్లు కాన్వాయ్‌గా నడుస్తూనే ఉన్నాయి. 1956 నాటి ఆదివాసీ రక్షణ నిబంధనలను 2012లో మరింత కఠినం చేశారు. జరావాల రిజర్వులోకి మద్యం చేర్చడమూ నేరమే. బయటివాళ్లు తెచ్చిన జబ్బులతో, వ్యసనాలతో గ్రేట్ అండమానీ తెగవాళ్లు ఎలా అంతరించే దశకు వచ్చారో తెలిసినవాడెవడూ ఆ రోడ్డు మీద సీసా, స్టీరింగ్ రెండూ పట్టుకోడు.

కాబట్టి తాగిన రాత్రి బండి తీయకండి. తీసి పట్టుబడితే దాక్కోవద్దు, లంచం ఇవ్వొద్దు, వేళలు గుర్తుంచుకోండి, డాక్టరును అడగండి, కోర్టుకు వెళ్లండి. కస్టడీలో ఉన్నవాడికి, ఆదాయం ఎంతైనా, ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టుకునే హక్కు 1987 న్యాయసేవల చట్టం ఇచ్చింది. దేశమంతటికీ ఆ సహాయం నంబరు 15100.